పోగు మానిక

లక్మా సరే అన్నాడు.

అనేసి, సుధారాణి ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతను సరే అంటాడని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. చక్రధరరావు అసలే అనుకోలేదు. అనుకుని ఉంటే మొన్న భోజనాల దగ్గర, ఇరుగుపొరుగు వింటుండగా, అంత మాట అనేవాడే కాదు.

ఆయన అన్న మాట ఇది. "భానుకు నేనొక్కణ్ణే తండ్రినా? గొల్లపల్లిల దాని మితాన్ తండ్రి ఉన్నడు. లక్మా సరే అంటే నేను సరే అన్నట్టే. వాడు వద్దంటే మాత్రం ఈ ఇంట్ల ఫ్రాన్స్ మాట, ఇటలీ మాట మళ్ళ ఎత్తొద్దు."

ఎంత తెలివిగా తప్పించుకున్నానా అని ఆ రోజంతా మహా హుషారుగా తిరిగాడు పాపం. ఎందుకంటే లక్మా సంగతి బస్తర్ అంచున ఉన్న ఈ కొంటాలో అందరికీ తెలుసు. తన కూతురు, భాను మితాన్ అయిన సుక్కికి నర్సింగులో సీటు వచ్చినప్పుడు జగదల్‌పూర్ దూరమని పంపనివాడు. కన్నకూతుర్ని జగదల్‌పూర్‌కే పంపనివాడు, సావుకారు కూతురు సముద్రాలు దాటిపోతానంటే ఊ కొడతాడా? కొట్టడనే ధైర్యంతోనే చక్రధరరావు తనంతట తానే కబురు పంపించాడు. కబురు అందుకుని లక్మా వచ్చాడు. వస్తూ సుక్కిని వెంటబెట్టుకుని వచ్చాడు. సుక్కి చంకలో ఒక బట్టల మూట ఉంది.

ఆ మూట సంగతి ముందు కనిపెట్టింది రామతులసి, చక్రధరరావు తల్లి. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ మనవరాలి వైపు చూసి, కనుబొమలు పైకెత్తి, మళ్ళీ గింజలు తీసుకుంది.

భానుశ్రీ గుమ్మం పట్టుకుని నిలబడింది. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో ఫ్రెంచ్, ఇటాలియన్ చదువుతున్న పిల్ల, ఇప్పపువ్వు సీజన్‌కు మాత్రం ఏటా ఇంటికి వచ్చేస్తుంది. వచ్చే ఏడాదంతా బయటి దేశంలో చదవాలి. ఆరు నెలలు లియోన్‌లో, ఆరు నెలలు బొలోన్యాలో, అక్కడివాళ్ళ ఇళ్ళలో ఉంటూ. ఖర్చు ఇంటిమీద పడదు. కావలసిందల్లా తండ్రి నోటి నుంచి ఒక్క మాట. పోయినసారి ఒకమ్మాయి చివరి నిమిషంలో మానేసి అక్కడ సీటు వృథా చేసిందట. అప్పటినుంచి పిల్లల్ని అక్కడికి పంపే పని చూసే దుర్గాభవాని మేడమ్ ఎవరినీ నమ్మదు. ప్రతి పిల్ల ఇంటికీ తానే ఫోన్ చేసి తండ్రితోనో తల్లితోనో మాట్లాడి, సరే అనిపించుకున్నాకే పేరు పంపుతుంది. మేడమ్ ఈ ఇంటికి ఫోన్ చేసేది రేపు. అంటే హాట్ రోజు, వారం సంత.

"నిజంగనే సరే అంటున్నవా లక్మా?" అన్నాడు చక్రధరరావు. "మంచిగ ఆలోచించినవా? అది పోయేది సుక్మా కాదు, దంతెవాడ కాదు."

లక్మా టీ గ్లాసు కింద పెట్టాడు.

"నా బిడ్డను పంపకపోతిని సావుకారూ. అప్పటిసంది అది నా ముందర నవ్వలేదు. అన్నం పెడ్తది, నీళ్ళు పెడ్తది, నవ్వదు. ఒక్క ఇంట్ల అయింది చాలు."

సుక్కి తల తిప్పుకుని వీధిలోకి చూసింది. హైవే మీద ఆంధ్రా వైపు పోయే లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"ఒక్క మాట ఉంది," అన్నాడు లక్మా మళ్ళీ. "మితాన్ దూరం పోతే ఆమె జాగ ఖాళీ ఉండొద్దు. మితాన్ పని మితాన్ చెయ్యాలె. సుక్కి కూచుంటది."

"యాడ కూచుంటది?"

"భాను కూచునేకాడ. బాజార్ల. మానిక కాడ."

చక్రధరరావు మొహం చూడవలసింది అప్పుడు.

* * *

మితాన్ అంటే స్నేహితురాలని చెప్తే సరిపోదు. స్నేహం చెడుతుంది, ఇది చెడదు. చిన్నప్పుడు జాతరలో ఇద్దరి చెవుల వెనకా పువ్వులు పెట్టి, కొబ్బరికాయలు మార్పించి, ఈ భానుకూ ఆ సుక్కికీ మితాన్ కట్టింది రామతులసే. అప్పటినుంచి వాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, మితాన్ అనే పిలుచుకుంటారు. ఒకరి తల్లిదండ్రులు ఇంకొకరికి తల్లిదండ్రులే. బస్తర్‌లో పాత ఆచారం. కొంటా తెలుగు సావుకార్లు కూడా దాన్ని పట్టుకున్నారు, ఊళ్ళతో చుట్టరికం ఉంటే హాట్‌లో సరుకు వేరే సావుకారు గోనె పట్టా మీదికి పోదు కదా. అందులో ప్రేమ ఎంత, వ్యాపారం ఎంత అని ఎవరూ విడదీసి చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ అవసరమూ రాలేదు.

కానీ హాట్‌లో రెండు వైపులు ఉంటాయి. టార్పాలిన్ కింద కొలిచే మానిక పాత్ర పెట్టుకుని కూర్చునేది సావుకార్ల వైపు. ఎండలో గంపలు దించుకుని గొంతుక్కూర్చునేది ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళ వైపు. సుక్కిలాంటి దోర్లా తెగ పిల్ల మానిక వైపు కూర్చోకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరూ కూర్చోనూ లేదు.

చక్రధరరావు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా కూతురితో ఆయన నేరుగా మాట్లాడటం లేదు. ఏం చెప్పినా భార్యకు చెప్తాడు, కూతురు పక్కనే ఉన్నా సరే.

"దానికి చెప్పు సుధా. వాడు సరే అన్నా నేను సరే అనేటట్టు లేదని చెప్పు."

"మీరే అంటిరి కదా, ఆయన సరే అంటే మీరు అన్నట్టే అని," అంది సుధారాణి. ఆవిడ మెత్తని మనిషి. మెత్తగానే అంది. కానీ అంది.

అంతే, ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. అసలు ఈ చదువేమిటని మొదలుపెట్టాడు. కొంటాలో పుట్టిన ప్రతివాడి నోట్లో తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ ఉంటాయని, దానికి ఎవడూ పరీక్ష రాయలేదని, భాష నేర్చుకోవడానికి యూనివర్సిటీకి పోవడమంటే నడక నేర్చుకోవడానికి కాలేజీలో చేరడమేనని అన్నాడు. బచేలీలో మైన్స్‌లో పనిచేసే మేనత్త కొడుకు అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే, ఇంజినీరింగ్ లాంటిదే అని తను అబద్ధం చెప్పవలసి వచ్చిందని కూడా అన్నాడు. ఇప్పపువ్వు సీజన్‌లో మానిక దగ్గర కూర్చునే మనిషి లేకపోతే గొల్లపల్లి, ఎర్రబోరు సరుకంతా పక్క పట్టా రామ్‌ప్రసాద్ దగ్గరికి పోతుందని చివరికి అన్నాడు. చివరికి అన్నదే అసలు మాటని వంటింట్లో అందరికీ తెలుసు.

రామతులసి చింతపండు పళ్ళెం పక్కన పెట్టింది.

"మీ నాయన కూడా భాష నేర్చుకోను పరదేశం పోయినోడే," అంది. "ఆ పరదేశం గొల్లపల్లి. ఈ లక్మా తండ్రి హడ్మా ఇంట్ల ఒక ఏడు ఉండె. వాళ్ళ జావ తాగిండు, వాళ్ళ పశువుల ఎంబడి పోయిండు, వాళ్ళతోని తిట్లు తిన్నడు. వచ్చినంక దుకాణం పెట్టిండు. ఆ దుకాణమే నువ్వు ఇయాల ఏలుతున్నది."

"ఆయన వ్యాపారానికి పోయిండు."

"నేను షికారుకు పోతున్ననా?" అంది భానుశ్రీ.

ఆయన ఇటు చూడక తప్పలేదు.

"నాన్నా, పుస్తకంల చదివిన భాష నోట్ల నిలవదు. ఆ ఇంట్ల కూచోని తినాలె, వాళ్ళు నవ్వితే ఎందుకు నవ్విన్రో తెలవాలె. ఇది నాకు హైదరాబాద్‌ల ఎవరూ చెప్పలె. మీ హాట్‌లనే తెలిసింది. నాకు ఈ భాషలే కావాలె. నేర్చుకోని ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి మార్చే పని చేస్త. మీరు వద్దంటే ఈసారి ఆగుత. మళ్ళ ఏడు మళ్ళ అడుగుత. ఆ పై ఏడు గూడ అడుగుత. నా చేతగాకనో, మీ మీద కోపంతోనో మానను."

అరవలేదు, ఏడవలేదు. అరిస్తే ఆయన తిరిగి అరిచేవాడు, ఏడిస్తే బుజ్జగించేవాడు. ఇలా నిలబడి చెప్తే ఏం చేయాలో ఆయనకు తెలియదు. బయట వసారాలో లక్మా దగ్గు వినిపించింది. అతన్ని కాదని పంపిస్తే మితాన్ మాట తప్పినట్టే. ఆ మాట సాయంత్రానికి గొల్లపల్లి చేరుతుంది. తాను తవ్వుకున్న గోతిలో తానే పడ్డానని చక్రధరరావుకు అర్థమయింది. బయటపడే దారి కూడా వెంటనే తోచింది. ఎంతైనా సావుకారు.

"సరే," అన్నాడు. "రేపు హాట్‌ల సుక్కినే కూచోబెట్టండి. దగ్గరుండి నువ్వే నేర్పు. ఇన్నేండ్లు మన పట్టా మీద ఎట్ల జరిగిందో రేపు గూడ అట్లనే జరగాలె. కొలత మారొద్దు, పద్ధతి మారొద్దు. అట్ల జరిగితే మీ మేడమ్ ఫోన్ చేసినప్పుడు సరే అంట. జరగకపోతే లక్మాకు గూడ చెప్పుకోవచ్చు, కూచోబెట్టి చూసినం, కాలేదు అని."

"జరుగుతది," అంది భానుశ్రీ వెంటనే.

పద్ధతి అంటే ఏమిటో ఆ క్షణంలో ఆమె ఆలోచించలేదు. ఊపిరి పీల్చుకోవడం ఎలాగో ఎవరు ఆలోచిస్తారు?

* * *

మధ్యాహ్నం గోడౌన్‌లో మితాన్‌లు ఇద్దరూ కూర్చున్నారు. ఎండిన ఇప్పపువ్వు వాసన గోడలకు పట్టి ఉంది. చింతపండు, కరక్కాయ, అన్నీ ఇప్పుడు కాంటా మీదే తూస్తారు. ఇప్పపువ్వు ఒక్కటే మానికతో. ముసలమ్మలు కాంటాలో కనిపించే అంకెల్ని నమ్మరు. కళ్ళకు కనిపించే పాత్రను నమ్ముతారు.

సుక్కి మొదటినుంచీ హుషారుగా లేదు, బెరుగ్గానూ లేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషిలా కూర్చుంది. మాటలన్నీ దోర్లీలోనే.

భానుశ్రీ మానిక నింపి చూపించింది. ఊళ్ళవాళ్ళు పువ్వు పోసేటప్పుడు అంచు దాటి పోగు పెరిగేదాకా ఆపకూడదు. పోగు జారకుండా రెండు అరచేతులూ కాపు పెట్టాలి. అదొక మానిక. పువ్వుకు బదులు ఉప్పు ఇచ్చేటప్పుడు అంచు మీద అరచేయి పెట్టి ఇటునుంచి అటు గీసేయాలి. అదీ ఒక మానికే. ఆ చేతుల కదలిక నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. చిన్నప్పటినుంచీ చేస్తోంది. ముగ్గు వేసినంత తేలిగ్గా చేసింది.

"తీసుకునేటప్పుడు పోగు, ఇచ్చేటప్పుడు గీటు. ఎందుకు మితాన్?" అని అడిగింది సుక్కి.

అడిగిన తీరులో దెప్పిపొడుపు లేదు. భానుశ్రీ మానికను తనవైపు జరుపుకుంది. అలవాటు, అంది. అందరూ అంతే, అంది. అంటుంటేనే ఆ మాటలు తన చెవికే పసలేనివిగా వినిపించాయి.

సుక్కి మానికలోని పువ్వును వేళ్ళతో కెలుకుతూ నెమ్మదిగా చెప్పింది.

"మా అవ్వోళ్ళకు తెలుసు. ఎప్పటిసందో తెలుసు."

"తెలిస్తే ఎందుకు ఊకున్నరు?"

"నువ్వు పేరు పెట్టి పిలుస్తవు. కోడలికి కాన్పయిందా, మేక దొరికిందా అని మా మాటల్ల అడుగుతవు. వేరే సావుకార్లు మొహం గూడ చూడరు. పోతే పోనీ పోగు, బిడ్డ మంచిగ మాట్లాడుతది అనుకుంటరు."

భానుశ్రీ చేతిలో ఉప్పు అలాగే ఉండిపోయింది.

సిగ్గేసింది. అలాంటిలాంటి సిగ్గు కాదు. నీ చెవి ఇంత చురుకు ఎలా అయిందని దుర్గాభవాని మేడమ్ క్లాసులో అడిగినప్పుడు, మా ఊరి హాట్‌లో మేడమ్, అక్కడ నాలుగు భాషలు మాట్లాడుతూ పెరిగాను అని ఎంత గొప్పగా చెప్పుకుంది. అందరూ ఎంత ముచ్చటపడ్డారు. ఆ నాలుగు భాషలూ ఏ పనిమీద ఉన్నాయో ఒక్కరోజూ తోచలేదు. తోచకపోవడానికి తనేమీ చిన్నపిల్ల కూడా కాదు.

సుక్కి ఆమె మోచేయి మీద చెయ్యి వేసింది. రేపు నువ్వు ఎలా కొలవమంటే అలా కొలుస్తానంది. నువ్వు పోవాలి, అంది. నేను పోలేదు, నువ్వు పోవాలి. దానికోసం ఒక్క హాట్‌కు పోగు పోయడం తనకు పెద్ద పని కాదంది.

ఆ మాట అనకపోయినా బాగుండేది.

పొద్దు వాలే వేళ భానుశ్రీ తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన వాకిట్లో కూర్చుని టార్పాలిన్ తాళ్ళు విప్పుతున్నాడు. పోగు ఎందుకని అడిగింది. పువ్వు ఎండితే తగ్గుతుంది, తరుగు పోను మిగలాలి కదా అన్నాడు. వాళ్ళు తెచ్చేదే ఎండిన పువ్వు కదా అంది. ఆయన తాడు ముడి విప్పడం ఆపాడు.

"రామ్‌ప్రసాద్ గూడ పోగే పోస్తడు. కానీ వాడి కాడ రోజూ లొల్లి. మన కాడ లొల్లి లేదు. ఎందుకో తెలుసునా? నీ మాటకే మన పోగు నిలబడ్తది. నీ భాషకు విలువ లేదని నేను ఏనాడన్న అన్ననా? నాకంటే ఎక్కువ ఆ విలువ ఎవరికి తెలుసు?"

మెచ్చుకున్నాననే అనుకున్నాడాయన. నాలుగు రోజుల తర్వాత కూతురితో నేరుగా, ఆప్యాయంగా అన్న మొదటి మాట అది. భానుశ్రీకి ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేదు.

* * *

హాట్ నాడు పొద్దున్నే శబరి నది వైపు నుంచి, ఎర్రబోరు వైపు నుంచి గంపలు రావడం మొదలైంది. టార్పాలిన్ కింద, మానిక వెనక, సుక్కి కూర్చుంది. పక్కన భానుశ్రీ. వెనక ఉప్పు మూటల దగ్గర చక్రధరరావు నిలబడ్డాడు. ఆయన ఫోన్ చొక్కా జేబులో ఉంది. మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు.

ముందు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగి చూస్తున్నారు. గొల్లపల్లి ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని నవ్వారు. సుక్కి నవ్వలేదు. పక్క పట్టా మీద నుంచి రామ్‌ప్రసాద్ మెడ సాచి చూసి, ఏమిటి సేఠ్, కొత్త గుమాస్తానా అని హిందీలో వేళాకోళం చేశాడు. చక్రధరరావు వినపడనట్టు నిలబడ్డాడు.

చివరికి ఎర్రబోరు నుంచి ఎప్పుడూ వచ్చే ముసలమ్మ గంప దించింది. కూర్చుంటూనే సుక్కిని ఎగాదిగా చూసి, నువ్వు లక్మా బిడ్డవు కదా అని అడిగింది. అవునంది సుక్కి. ముసలమ్మ పువ్వు పోసింది. మానిక నిండింది. అంచు దాటింది. పోగు పెరిగింది. సుక్కి రెండు చేతులూ కాపు పెట్టింది, నేర్పినట్టే.

పెట్టి, ఆగి, మితాన్ వైపు చూసింది.

ఆగిన ఆ కాసేపట్లోనే వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఆ చేతుల్ని చూశారు. వాళ్ళ మొహాల్లో కోపం లేదు. తమ పిల్ల కూడా ఇదే చేస్తుందన్నమాట అనే తెలివిడి మాత్రం ఉంది. ముసలమ్మ అలవాటు ప్రకారం గంప పక్కకు లాక్కోబోయింది.

"చెప్పు," అన్నాడు చక్రధరరావు వెనకనుంచి, తెలుగులో, చిన్న గొంతుతో. "పోగు కానియ్యమని చెప్పు. నీ మాటే వింటది."

అప్పుడు భానుశ్రీకి కనిపించినవన్నీ నిజంగా కళ్ళముందే ఉన్నట్టు కనిపించాయి. లియోన్‌లో ఫొటోలో మాత్రమే చూసిన నది వంతెన. బొలోన్యాలో తను ఉండబోయే ఇంటి పెద్దావిడ, వీడియో కాల్‌లో నీకు కారం తినడం అలవాటేనా అని అడిగినావిడ. మూడేళ్ళుగా రాత్రీ పగలూ నోట్లో తిప్పుకున్న మాటలు. ఒక్క పోగు. ఒక్క హాట్. సుక్కి కూడా సరేనంది. ఈ ఏడాది మళ్ళీ రాదు. వచ్చే ఏడాది అడుగుతానని వంటింట్లో అనడం తేలికే, కానీ ఈ సీటు వచ్చే ఏడాది ఉండదని ఆమెకు తెలుసు.

ముసలమ్మ వైపు చూసింది. కోడలికి కవల పిల్లలు పుట్టారని పోయిన నెల చెప్పిన ముసలమ్మ.

"మితాన్," అంది దోర్లీలో, వరస చివరిదాకా వినపడేటట్టు. "గీసెయ్. పువ్వు తీసుకునేటప్పుడు గీటు, ఉప్పు ఇచ్చేటప్పుడు గీటు. ఇక రెండూ ఒకటే."

సుక్కి అరచేయి అంచు మీద ఇటునుంచి అటు కదిలింది. పోగంతా ముసలమ్మ గంపలో రాలింది. ముసలమ్మ దానివంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత కిందికి జారిన పూలు కూడా ఒక్కొక్కటే ఏరి గంపలో వేసుకుంది.

"ఏం చెప్పినవ్?" అన్నాడు చక్రధరరావు. ఆయనకు దోర్లీ కూతురికంటే ముందునుంచీ వచ్చు.

"మీకు అర్థమయింది నాన్నా."

"నువ్వు నాకు మాటిచ్చినవు. జరుగుతది అన్నవు."

"అన్న. తప్పిన. మీరు మేడమ్‌కు ఏం చెప్పినా నేను ఎదురు చెప్పను. కానీ నా మాట మీద పోగు నిలబడ్తదంటే, ఇక ఆ మాట నేను మాట్లాడను."

ఆయన మొహం ఎర్రబడలేదు, పాలిపోయింది. చుట్టూ చూశాడు. రామ్‌ప్రసాద్ పట్టా ముందున్న ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు గంపలు ఎత్తుకుని ఇటు వస్తున్నారు. రామ్‌ప్రసాద్ నవ్వు ఆగిపోయి, లేచి నిలబడి, సేఠ్, ఏం చేస్తున్నావు సేఠ్ అంటున్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

చక్రధరరావు పేరు చూసుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమస్తే మేడమ్. ఆఁ, భానుశ్రీ తండ్రినే." చాలాసేపు విన్నాడు. ఆవిడ ఏం చెప్తోందో, మధ్యమధ్య తల ఊపాడు. భానుశ్రీ వద్దు అనే మాటకు సిద్ధపడి నిలబడింది. వస్తే ఏడవకూడదని పళ్ళు బిగించి పెట్టుకుంది.

"ఒప్పుకుంటున్న మేడమ్," అన్నాడు.

సుధారాణి ఇక్కడ ఉండి ఉంటే దండం పెట్టేది. భానుశ్రీకి మాత్రం ఆ గొంతులో ఏదో నచ్చలేదు.

"ఒక్క ఏడే ఎందుకు మేడమ్, ఎన్నేండ్లన్న ఉంచుకోండి. ఇక్కడ ఇక దానికి కూచునే జాగ లేదు. అదే పోగొట్టుకున్నది. తీసుకపోండి."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కూతురి వైపు చూడలేదు.

కావలసిన మాట వచ్చింది. ఇలా వస్తుందని ఆమె అనుకోలేదు. అయినా లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని, మానిక చుట్టూ తిరిగి వచ్చి, అవతలి వైపు ఎండలో, గంపల మధ్య కూర్చుంది. ముసలమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. భానుశ్రీ వరసలో తర్వాతి మనిషిని పేరు పెట్టి పిలిచింది. ఆవిడ గంప దించడానికి ఒక చెయ్యి పట్టింది.

మానిక మళ్ళీ నిండింది, మళ్ళీ గీటు పడింది. ఇక ఉప్పు కొలవాలి. దగ్గర ఉన్న మూట అయిపోయింది. సుక్కి తల తిప్పి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ సావుకారూ అనే పిలిచిన మనిషిని చూసింది.

"బాపూ," అంది తెలుగులో, తండ్రిని పిలిచినట్టు. "ఉప్పు మూట ఇటు జరుపు."

చక్రధరరావు వంగాడు. ఆయన రెండు చేతులూ మూట మీద పడ్డాయి. ఆ మూటను మానిక దగ్గరికి జరపడానికో, ఎత్తి బండిలో వేసి దుకాణమే కట్టేయడానికో, ఎండ కళ్ళలో పడి భానుశ్రీకి తెలియలేదు.